మూత్రపిండం మార్చిన తరువాత: వైరసు జబ్బు, దాని మందు, దాని వెల

(సంఘం వార్షిక సభలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను విద్య గురించి మాట్లాడమన్నారు. విద్య గురించి మనం ఏటా మాట్లాడుతూనే ఉన్నాం. ఈసారి వైద్యం గురించి, అందులోనూ ఒకే ఒక్క విషయం గురించి చెప్పుకుంటానని నేనే వారిని కోరాను. నేను డాక్టరును కాను. ఉర్దూ మీడియం బడిలో సైన్సు పాఠాలు చెప్పే టీచరును. తెలిసినదాన్ని పిల్లలకు అర్థమయ్యేట్టు చెప్పడం ఒక్కటే నాకు వచ్చిన పని. నా తెలుగులో ఉర్దూ మాటలు దొర్లితే పెద్దలు మన్నించాలి.

మన సంఘానికి వచ్చే అర్జీల్లో కిడ్నీ ఆపరేషనుకు సహాయం కోరేవి ఏటేటా ఉంటున్నాయి. ఉర్దూలో గుర్దా అంటాం, తెలుగులో మూత్రపిండం. ఆపరేషను అనేసరికి జనం కదులుతారు. బంధువులు ఇస్తారు, మొహల్లా వాళ్ళు ఇస్తారు, పేరు చెప్పని దాతలు కూడా ఇస్తారు. ఆపరేషను అయి మనిషి ఇంటికి వచ్చాక చందాలు ఆగిపోతాయి. కాని అసలైన పరీక్ష ఆ తరువాతి ఆరు నెలల్లోనే ఉంటుంది. నా ప్రసంగమంతా ఆ ఆరు నెలల గురించే.

మొదట సంగతేమిటో చూద్దాం. మన శరీరం బయటివాణ్ణి సహించదు. కాలిలో ముల్లు దిగితే చుట్టూ వాచి, చీము పట్టి, దాన్ని బయటికి నెట్టేదాకా ఊరుకోదు. అలాగే తల్లి ఇచ్చినా, భార్య ఇచ్చినా, ఇంకొకరి కిడ్నీని ఇది పరాయిదే అని శరీరం దాడి చేస్తుంది. 1954లో అమెరికాలోని బోస్టన్‌లో మొదటిసారి మూత్రపిండం మార్పిడి విజయవంతమయిందంటే, ఇచ్చినవాడు, పుచ్చుకున్నవాడు ఒకే పోలిక గల కవలలు కావడమే కారణం. కవలలు కానివారికి చేయాలంటే శరీరం కాపలాను కొంత నిద్రపుచ్చాలి. దానికి మందులు వచ్చాయి. అజాథయోప్రిన్ వచ్చింది, సైక్లోస్పోరిన్ వచ్చింది, ఆ తరువాత టాక్రోలిమస్ వచ్చింది. మన దేశంలో 1971లో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో కిడ్నీ మార్పిడి జయప్రదంగా జరిగింది. ఇవాళ మన హైదరాబాదులో, నిమ్స్ వంటి ప్రభుత్వ సంస్థల్లో కూడా చేస్తున్నారు. దేశం మొత్తం మీద అవయవ మార్పిడులు 2013లో అయిదు వేల లోపు ఉంటే, 2023లో పద్దెనిమిది వేలు దాటాయి. అందులో పదమూడు వేల పైచిలుకు మూత్రపిండాలే.

అయితే కాపలావాణ్ణి నిద్రపుచ్చితే ఇంట్లోకి చుట్టం ఒక్కడే రాడు, దొంగ కూడా వస్తాడు. ఇక్కడ దొంగ బయటినుంచి రానక్కరలేదు. అతడు చిన్నప్పటినుంచీ మన ఇంట్లోనే దాక్కొని ఉన్నాడు. అతని పేరు సైటోమెగలోవైరస్. డాక్టర్లు పొట్టిగా సి.ఎం.వి. అంటారు. సైటో అంటే కణం, మెగలో అంటే పెద్దది. ఇది పట్టిన కణం ఉబ్బి, సూక్ష్మదర్శినిలో గుడ్లగూబ కన్నులా కనిపిస్తుంది. అమ్మవారు, అంటే చికెన్‌పాక్స్, తెప్పించే వైరసుకు ఇది దాయాది. తల్లిపాల ద్వారా, చిన్నపిల్లల లాలాజలం ద్వారా పసితనంలోనే మనకు సోకుతుంది. మన దేశంలో పెద్దవాళ్ళలో నూటికి తొంభైమందికి పైగా ఇది ఒంట్లో ఉన్నవాళ్ళే. ఈ హాలులో కూర్చున్న మనలో దాదాపు అందరిలోనూ ఉందన్నమాట. భయపడకండి. ఒంట్లో కాపలా గట్టిగా ఉన్నంతకాలం అది ముడుచుకొని పడుకుంటుంది. ఉందని కూడా తెలియదు.

కిడ్నీ మార్చిన మనిషికి కాపలా తగ్గించే మందులు మొదటి నెలల్లో ఎక్కువ మోతాదులో ఉంటాయి. అప్పుడు ఈ వైరసు లేస్తుంది. ఇచ్చినవారి కిడ్నీలో వైరసు ఉండి, పుచ్చుకున్నవారికి అంతకుముందు ఎన్నడూ సోకకపోతే ప్రమాదం అన్నిటికంటే ఎక్కువ. మన దేశంలో ఎక్కువగా ఇద్దరికీ ముందే సోకి ఉంటుంది కనుక ప్రమాదం మధ్యస్థంగా ఉంటుంది. అయినా కాపలాను బాగా అణచివేసే కొన్ని ఇంజెక్షన్లు వాడితే వారికీ పెరుగుతుంది.

లేస్తే ఏమవుతుంది? జ్వరం, నీరసం, ఆకలి లేకపోవడం. రక్తంలో తెల్లకణాలు పడిపోవడం. కొందరికి ఆగని విరేచనాలు, కడుపునొప్పి, కొందరికి ఆయాసం. కష్టపడి తెచ్చుకున్న కొత్త కిడ్నీ కూడా దెబ్బతింటుంది. చూస్తే మామూలు జ్వరంలాగే ఉంటుంది. అందుకే మోసపోతాం.

ఇక మందు సంగతి. ఇక్కడ ఒక మహనీయురాలిని తలచుకోవాలి. గెర్‌ట్రూడ్ ఎలియన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త, ఆమె సహచరులు రెండు రకాల మందులు తయారుచేశారు. ఒకటి, ఇందాక చెప్పిన అజాథయోప్రిన్, అంటే కాపలాను నిద్రపుచ్చేది. రెండోది ఎసైక్లోవిర్, వైరసును అణచేది. తలుపు తెరిచిందీ ఆ చెయ్యే, దొంగను పట్టిందీ ఆ చెయ్యే. 1988లో ఆమెకు నోబెల్ బహుమతి వచ్చింది. ఎసైక్లోవిర్‌కు తోబుట్టువు వంటిది గాన్‌సైక్లోవిర్. అది 1989లో అమెరికాలో ఆమోదం పొందింది. సి.ఎం.వి. మీద బాగా పనిచేస్తుంది గాని, నోటితో మింగితే నూటికి ఆరు పాళ్ళే రక్తంలోకి చేరుతుంది. అందుకని సూదిమందుగా ఎక్కించాలి, ఆసుపత్రిలో పడుకోవాలి. తరువాత రోష్ అనే స్విట్జర్లాండు కంపెనీ దానికి వాలైన్ అనే అమైనో ఆమ్లాన్ని జతచేసి వాల్‌గాన్‌సైక్లోవిర్ అనే మాత్ర తెచ్చింది. ఇది నూటికి అరవై పాళ్ళ దాకా రక్తంలోకి చేరుతుంది. 2001లో వచ్చిన ఈ మాత్రతో రోగి ఇంట్లోనే మందు మింగవచ్చు. గొప్ప సౌకర్యమే. కాని వెల?

అయ్యా, లెక్క నేను బోర్డు మీద వేసినట్టే చెబుతాను, పిల్లలు కూడా చూసుకోండి. మన దేశంలో 2008 ప్రాంతంలో రోష్ కంపెనీ వాల్సైట్ మాత్ర ఒక్కొక్కటి రూ. 1,040. జబ్బు రాకుండా ముందుజాగ్రత్తగా ఇచ్చే పూర్తి మోతాదు రోజుకు 450 మిల్లీగ్రాముల మాత్రలు రెండు. మూడు నెలలకు 180 మాత్రలు. అంటే రూ. 1,87,200. ఎక్కువ ప్రమాదం ఉన్నవారికి 200 రోజులు వాడితే మేలని 2010లో వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో తేలింది. 100 రోజులు వాడినవారిలో నూటికి 37 మందికి జబ్బు వస్తే, 200 రోజులు వాడినవారిలో 16 మందికే వచ్చింది. రెండు వందల రోజులకు 400 మాత్రలు, రూ. 4,16,000. ఇది ఒక్క మందు లెక్క. జబ్బు వచ్చాక వైద్యానికైతే పూర్తి మోతాదు దీనికి రెట్టింపు, రోజుకు నాలుగు మాత్రలు. సామాన్యుడు ఎక్కడినుంచి తెస్తాడు?

ఇక్కడ మన దేశ చట్టం ముందుకు వచ్చింది. 1970 నాటి పేటెంటు చట్టం ప్రకారం మందు తయారుచేసే పద్ధతికే గాని, మందుకు పేటెంటు లేదు. ఆ నీడలోనే హైదరాబాదులో మందుల ఫ్యాక్టరీలు పెరిగాయి. ప్రపంచ వాణిజ్య ఒప్పందం వల్ల 2005 జనవరి నుంచి మందుకు కూడా పేటెంటు ఇవ్వవలసి వచ్చింది. 2007లో చెన్నై పేటెంటు కార్యాలయం వాల్‌గాన్‌సైక్లోవిర్‌కు రోష్ పేరున పేటెంటు ఇచ్చింది. దాన్ని ఎవరు ఎదిరించారో తెలుసా? సిప్లా వంటి కంపెనీలతో పాటు హెచ్.ఐ.వి. సోకిన రోగుల సంఘాలు. వారికి ఈ వైరసు కంటిలో చేరి చూపు పోగొడుతుంది. సమాజం పక్కకు నెట్టిన ఆ మనుషులు, చేతిలో డబ్బు లేని ఆ మనుషులు, అర్జీలు పెట్టి, వకీళ్ళను పెట్టుకొని పోరాడారు. 2008లో సిప్లా కంపెనీ వాల్సెప్ట్ పేరుతో అదే మందును రూ. 245కు తెచ్చింది. రోష్ కోర్టుకు వెళ్ళింది. చివరకు 2010లో పేటెంటు కార్యాలయం ఆ పేటెంటును రద్దుచేసింది.

మళ్ళీ లెక్క వేద్దాం. 180 మాత్రలు, ఒక్కొక్కటి రూ. 245. మొత్తం రూ. 44,100. ఒక లక్షా ఎనభై ఏడు వేలు ఎక్కడ, నలభై నాలుగు వేలు ఎక్కడ! హెచ్.ఐ.వి. రోగులు వేసిన చెట్టు నీడలో ఇవాళ కిడ్నీ రోగులు కూర్చున్నారు. ఎవరో పరాయివాళ్ళ జబ్బులే మనకెందుకు అనుకునేవారు ఈ సంగతి ఒకసారి ఆలోచించాలని మనవి. 2014లో మన హైదరాబాదు కంపెనీ డాక్టర్ రెడ్డీస్‌కు ఇదే మాత్రను అమెరికాలో అమ్మడానికి అక్కడి ప్రభుత్వ సంస్థ అనుమతి ఇచ్చింది. మన ఊరి మందు వారి దేశంలో కూడా ధర దించడానికి పనికివచ్చిందన్నమాట.

మరి రాబోయే రోజుల్లో ఈ మందుల బజారు ఎలా ఉంటుంది? నాకు తోచినది చెబుతాను.

రోగులు పెరుగుతున్నారు కనుక గిరాకీ పెరుగుతుంది. కాని షుగరు మాత్రలా వీధివీధినా కొనేవారు ఉండే మందు కాదిది. కొనేవాళ్ళు తక్కువైన మందును తయారుచేసే కంపెనీలూ తక్కువే, నిల్వ ఉంచే దుకాణాలూ తక్కువే. పెద్దాసుపత్రుల దగ్గర దొరుకుతుంది, మన తాలూకా బజారులో అడిగితే తెప్పించాలంటారు. కంపెనీ కంపెనీకి ధరలో తేడా ఉంటుంది.

కొత్త మందులు కూడా వచ్చాయి. లెటర్మోవిర్ అనేదాన్ని అమెరికాలో 2017లో ఎముక మజ్జ మార్పిడి రోగులకు, 2023లో ఎక్కువ ప్రమాదం ఉన్న కిడ్నీ మార్పిడి రోగులకు ఆమోదించారు. పాత మందు తెల్లకణాలను తగ్గిస్తుంది, దీనితో ఆ బాధ తక్కువ. మారిబావిర్ అనేది 2021లో వచ్చింది. పాత మందుకు లొంగని వైరసు మీద దాన్ని వాడతారు. అంతకుముందు అటువంటివారికి ఫోస్కార్నెట్ వంటి సూదిమందులే గతి. అది కిడ్నీకే చేటు చేస్తుంది. కిడ్నీని కాపాడబోయి కిడ్నీనే పోగొట్టుకునే పరిస్థితి! కనుక కొత్త మందులు నిజంగా మేలైనవే. అయితే కనిపెట్టిన కంపెనీ చేతిలో ఉన్నంతకాలం కొత్త మందు ఖరీదుగానే ఉంటుంది. పేటెంటు గడువు దరఖాస్తు నాటినుంచి ఇరవై ఏళ్ళు. ఈ వైరసుకు ఆమోదం పొందిన టీకా ఇంకా లేదు. కాబట్టి ఇంకా కొన్నేళ్ళ పాటు పేదవాడికి దిక్కు ఆ పాత వాల్‌గాన్‌సైక్లోవిరే.

ధరలు దిగవని నిరాశపడనక్కరలేదు. డయాలిసిస్ రోగుల్లో కనిపించే హెపటైటిస్-సి అనే మరో వైరసుకు సోఫోస్‌బువిర్ అనే మందు 2013లో అమెరికాలో వచ్చినప్పుడు పన్నెండు వారాలకు 84,000 డాలర్లు. మరుసటి ఏడాదే భారతీయ కంపెనీలకు లైసెన్సులు దొరికాయి. 2015లో మన హైదరాబాదు నాట్కో కంపెనీ నేపాలులో దాన్ని అందులో ఎన్నో వంతు ధరకు అమ్మింది. బజారు మారుతుంది. దాన్ని మార్చేవాళ్ళు కూడా ఉండాలి.

ఇప్పుడు మన ఇళ్ళ సంగతికి వస్తాను. మా బడిలో చదివే ఒక అమ్మాయి తండ్రి తాపీమేస్త్రీ. భార్య కిడ్నీ ఇచ్చింది. ఆపరేషను బాగా జరిగింది. ఇంటికి వచ్చాక చేతిలో పైసా లేదు. మందుల చీటీలో అన్నిటికంటే ఖరీదైన మాత్ర ఇదే. రోజుకు రెండు మింగవలసింది ఒకటి మింగాడు, తరువాత దినం విడిచి దినం మింగాడు. మందు దాచాననుకున్నాడు పాపం. నాలుగో నెలలో జ్వరం వచ్చింది. వీధి చివర ఉన్నాయన సూది వేశాడు, తగ్గలేదు. వారం గడిచాక పెద్దాసుపత్రికి తీసుకుపోతే సి.ఎం.వి. అన్నారు. మూడు వారాలు అక్కడే. కిడ్నీ దక్కింది గాని మునుపటిలా లేదు. దాచిన డబ్బు కంటే ఆసుపత్రి ఖర్చు ఎన్నో రెట్లు. ఆ అమ్మాయి ఆ ఏడాది పదో తరగతి పరీక్ష రాయలేదు. తండ్రి దగ్గర ఆసుపత్రిలో ఉండవలసి వచ్చింది.

ఇందులో ఇంకొక ప్రమాదం ఉంది. సగం మోతాదు మింగితే వైరసు చావదు, ఆ మందుకు అలవాటుపడి మొండికేస్తుంది. బడిలో అరకొర దండనకు అలవాటుపడ్డ అల్లరి పిల్లవాడిలా. అప్పుడు పాత చవక మందు పనిచేయదు, ఇందాక చెప్పిన ఖరీదైన కొత్త మందే కావాలి. పేదవాడు పొదుపు చేయబోయి ధనవంతుడి మందు కొనవలసి వస్తుంది. దీన్ని మించిన అన్యాయపు లెక్క ఉంటుందా?

కాబట్టి నేను కొన్ని సూచనలు చేస్తున్నాను. పెద్దలు ఆలోచించాలి.

మొదటిది: ఆపరేషనుకు ముందే డాక్టరును మూడు ప్రశ్నలు అడగాలి. ఇచ్చేవారికి, పుచ్చుకునేవారికి సి.ఎం.వి. రక్తపరీక్ష చేశారా? ఆపరేషను తరువాత ఈ మాత్ర ఎన్ని నెలలు వాడాలి? నెలకు ఎంత అవుతుంది? కొన్ని చోట్ల మాత్ర ఇవ్వకుండా, వారానికొకసారి రక్తంలో వైరసును లెక్కించి, కనబడితేనే మందు మొదలుపెడతారు. అదీ మంచి పద్ధతే, కాని పరీక్ష ఖర్చు ఉంటుంది. ఏ పద్ధతో ముందే తెలుసుకోవాలి.

రెండవది: మన సంఘం ఇచ్చే సహాయాన్ని రెండు భాగాలు చేయాలి. ఒక భాగం ఆపరేషనుకు. రెండో భాగం తరువాతి ఆరు నెలల మందులకు, నెలనెలా డాక్టరు చీటీ చూసి నేరుగా మందుల దుకాణానికే కట్టాలి. రోగి చేతికి ఒకేసారి ఇస్తే అప్పులవాళ్ళ పాలవుతుంది. వాళ్ళను తప్పుపట్టను, ఆపరేషనుకు వాళ్ళే కదా ఆదుకున్నది.

మూడవది: ఆరోగ్యశ్రీ వంటి ప్రభుత్వ పథకాల కింద ఆపరేషనుకే కాక, తరువాతి మందులకు కూడా సహాయం ఉంది. ఏ మందు ఇస్తారు, ఏది ఇవ్వరు అని ఆసుపత్రిలోని సహాయ కేంద్రంలో అడిగి రాయించుకోవాలి. ఈ పనికి మన చదువుకున్న కుర్రాళ్ళు ఇద్దరు ముందుకు వస్తే ఎంతో మేలు. అడగడం రాక ఎంతమంది నష్టపోతున్నారో!

నాలుగవది: ధర తక్కువ కంపెనీ మాత్ర దొరుకుతుందా అని డాక్టరునే అడగాలి, అడగడానికి మొహమాటం వద్దు. కాని ఒక హెచ్చరిక. కాపలాను అణచే టాక్రోలిమస్ వంటి మందుల కంపెనీని మనంతట మనం మార్చరాదు. రక్తంలో దాని పాళ్ళు అటూ ఇటూ అయితే కిడ్నీకే మోసం. అది డాక్టరు చెప్పి, పరీక్ష చేయించి మార్చవలసిన పని.

అయిదవది: ఈ వైరసు మాత్రను విరగ్గొట్టరాదు, నూరరాదు. పొడి చేతికి అంటినా మంచిది కాదు. గర్భంలోని శిశువుకు చేటు చేయగల మందు కనుక పిల్లలు కావాలనుకునే ఆడవారు, మగవారు కూడా, డాక్టరుకు ముందే చెప్పాలి. తెల్లకణాల పరీక్ష తప్పక చేయించాలి. కిడ్నీ పనిచేసే తీరును బట్టి మాత్రల సంఖ్య మారుతుంది. పక్కింటి రోగి ఎన్ని మింగుతున్నాడో మనకనవసరం.

ఆరవది, అన్నిటికంటే ముఖ్యమైనది: కిడ్నీ మార్చిన మనిషికి జ్వరం వస్తే అది మామూలు జ్వరం కాదనే అనుకోవాలి. దుకాణంలో మాత్ర కొనుక్కోవడం, పసరు తాగించడం, రేపు చూద్దామనడం పనికిరాదు. ఆపరేషను చేసిన చోటికి అదే రోజున ఫోను చేయాలి. ఆ ఫోను నంబరు ఇంట్లో గోడ మీద పెద్ద అక్షరాల్లో రాసిపెట్టాలి, ఇంట్లో పిల్లలందరికీ తెలియాలి.

మిత్రులారా, ఒక మనిషి తన ఒంట్లో భాగాన్ని తీసి ఇంకొకరికి ఇస్తాడు. అంతకంటే పెద్ద దానం లోకంలో ఏముంది? ఎక్కువగా మన ఇళ్ళల్లో ఆ ఇచ్చేది తల్లి, భార్య, అక్క. ఆ తల్లి కోత భరించి ఇచ్చిన కిడ్నీ, మూడు నెలల మాత్రలు కొనలేకపోవడం వల్ల పాడయిపోతే ఆ కోతకు విలువ ఏమిటి? ఆపరేషనుకు చందా ఇచ్చిన దాత సొమ్ముకు విలువ ఏమిటి? ఇల్లు కట్టి పైకప్పు వేయకుండా వదిలేసినట్టు కాదా?

ఈ సంవత్సరం కార్యవర్గం "ఆరు నెలల మందు నిధి" అని ఒక చిన్న పద్దు తెరవాలని ఈ సభా ముఖంగా ప్రతిపాదిస్తున్నాను. ఏడాదికి ఇద్దరు రోగులను చివరిదాకా చూసుకోగలిగినా చాలు. పదిమందికి తలా కొంచెం ఇచ్చి వదిలేయడం కంటే అది మేలని నా అభిప్రాయం. కాదనేవారుంటే చెప్పండి, వింటాను.



జైహింద్.